స్కేట్ బ్రాండ్ మీద డబ్బు పెట్టేముందు దాని జాతకం చూడటం ఎలా

స్కేట్‌బోర్డింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి బోర్డు మీద సరిగ్గా నిలబడటం కూడా రాకముందే ఇంకో తలనొప్పి మొదలవుతుంది, ఏ బ్రాండ్ కొనాలి అని అడగ్గానే ఒకడు అది పెద్ద కార్పొరేట్‌కి అమ్ముడుపోయిన కంపెనీ అంటాడు, ఇంకోడు కోర్ బ్రాండ్ (స్కేటర్లే నడిపే బ్రాండ్) కొను అంటాడు, మూడోవాడు అన్నీ ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యేవే పోరా అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే. నేనైతే కంపెనీ పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్నగానే పెట్టుకుంటా, మొదటి ప్రశ్న ఏంటంటే మార్కెట్ పడిపోయిన రోజున ఈ కంపెనీ ఇక్కడే ఉంటుందా, బిచాణా ఎత్తేస్తుందా.

ఇదేదో ఊహించుకుని అడిగే ప్రశ్న కాదండి, ఈ మార్కెట్ పడటం లేవడం ఎప్పట్నుంచో ఉన్నదే. 1960ల మొదట్లో స్కేటింగ్ కాలిఫోర్నియా సర్ఫర్ల సరదాగా ఊపందుకుంది, మట్టి వీల్స్‌కి పట్టు లేక జనం పడి దెబ్బలు తగిలించుకోవడం, ఊళ్ళల్లో నిషేధాలు పెట్టడం, 1965 దాటేసరికి చప్పబడిపోయింది. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ యూరెథేన్ (ఒకరకం ప్లాస్టిక్) వీల్స్ తెచ్చాక మళ్ళీ లేచింది, ఆ దశాబ్దం చివరికి ఇన్సూరెన్స్ భారం మోయలేక పార్కులు వరసపెట్టి మూతపడ్డాయి. 1980ల్లో పెద్ద ర్యాంపులు, వర్ట్ స్టార్లు (ఆ నిట్టనిలువు ర్యాంపుల మీద పేరు తెచ్చుకున్నవాళ్ళు), టీషర్టులు, మళ్ళీ బ్రహ్మాండం, 1990ల మొదట్లో అదీ కూలింది. ప్రతిసారీ డబ్బు చూసి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, స్కేట్ చేయకుండా ఉండలేనివాళ్ళు మిగిలారు, ఆ మిగిలినవాళ్ళు గ్యారేజీల్లో పెట్టిన కంపెనీలే తర్వాతి బూమ్‌లో పెద్దవయ్యాయి.

ముందు ఓనర్ ఎవరో కనుక్కోండి

ఇది పది నిమిషాల పని. బ్రాండ్ వెబ్‌సైట్‌లో అట్టడుగున టర్మ్స్ అండ్ కండిషన్స్ అనే పేజీ ఉంటుంది, ఎవరూ చదవరు, అందులో చట్టపరమైన కంపెనీ పేరు రాసి ఉంటుంది, ఆ పేరుతో వెతికితే తీగ లాగినట్టు డొంకంతా కదులుతుంది. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే యాన్యువల్ రిపోర్టులో బ్రాండ్ల లిస్టే దొరుకుతుంది.

వాన్స్ 1966లో అనహైమ్‌లో వాన్ డోరెన్ కుటుంబం మొదలుపెట్టింది, 2004 నుంచి వీఎఫ్ కార్పొరేషన్‌ది. అదే ఏడాది డీసీ షూస్‌ని క్విక్‌సిల్వర్ కొంది. కన్వర్స్ 2003 నుంచి నైకీది. సుప్రీమ్ కథ అయితే ఇంకా మజా, 1994లో న్యూయార్క్ లఫాయెట్ స్ట్రీట్‌లో ఒక స్కేట్ షాపు, 2017లో కార్లైల్ గ్రూప్ సగం వాటా దాకా తీసుకుంది, 2020లో వీఎఫ్ 210 కోట్ల డాలర్లకి కొంది, 2024లో 150 కోట్లకి కళ్ళజోళ్ళ కంపెనీ ఎస్సిలోర్‌లక్సోటికాకి అమ్మేసింది. బోర్డు ఎక్కినోడు కిందపడ్డం చూశాం గానీ, ఎక్కకుండానే అరవై కోట్ల డాలర్ల ఎత్తునుంచి పడ్డవాళ్ళని ఇక్కడే చూశా.

అయితే ఓనర్ పేరు చూసి అక్కడితో తీర్పు చెప్పేయకండి, అది సగం పనే. వాన్స్ వీఎఫ్ చేతిలో ఉన్నా దశాబ్దాలుగా స్కేటర్లకి చెక్కులు రాస్తూనే ఉంది, మరోపక్క పూర్తిగా స్కేటర్ల చేతుల్లో ఉన్న కంపెనీలు తమ రైడర్లకి (కంపెనీ పేరు మీద స్కేట్ చేసేవాళ్ళకి) నెలల తరబడి డబ్బులు ఎగ్గొట్టిన కథలు ఈ ఫీల్డ్‌లో అందరికీ తెల్సు.

స్కేటర్ ఓన్డ్ అన్న ముద్ర చూసి పడిపోకండి

దీనికి స్టీవ్ రోకో కథ తెలిస్తే చాలు. 1987లో వరల్డ్ ఇండస్ట్రీస్ పెట్టాడు, రోడ్నీ ముల్లెన్ కూడా చేరాడు, అప్పటికి పావెల్ పెరాల్టా లాంటి పెద్ద కంపెనీలదే రాజ్యం. రోకో వాళ్ళని ఎగతాళి చేస్తూ యాడ్లు వేశాడు, వాళ్ళ రైడర్లని లాగేశాడు, బూతు బొమ్మల డెక్‌లు (నిలబడే చెక్కలు) అమ్మాడు, 1992లో బిగ్ బ్రదర్ అని సొంత మ్యాగజైనే పెట్టేశాడు. చిన్నోడు పెద్దోళ్ళ మీద తిరగబడ్డాడు అని పిల్లలంతా ఎగబడి కొన్నారు. మరి ఏమైంది, 1993లో ఆయన గూటిలో ఉన్న రిక్ హోవర్డ్, మైక్ కారోల్ వాళ్ళు బయటికొచ్చి గర్ల్ స్కేట్‌బోర్డ్స్ పెట్టుకున్నారు, 1998లో వరల్డ్ ఇండస్ట్రీస్ ఒక ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ చేతికి పోయింది, 2002లో గ్లోబ్ అనే కంపెనీ చేతికి. తిరుగుబాటు కూడా ప్యాక్ చేసి అమ్మే సరుకే అని మొదట నిరూపించింది స్కేటర్లే, సూటు వేసుకున్నవాళ్ళు ఆ పాఠం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. కాబట్టి మేం కార్పొరేట్ కాదు అని ఎవరైనా మరీ గట్టిగా అరుస్తుంటే అదీ యాడ్ ఖర్చు కిందే లెక్కేసుకోండి.

డెక్ చేతిలోకి తీసుకుని చూడండి

షాపులో డెక్‌ని పక్కకి తిప్పి అంచు చూడండి, ఏడు పల్చటి మేపుల్ పొరలు కనిపిస్తాయి, మామూలుగా అయిదు పొరలు పొడుగునా, రెండు అడ్డంగా ఉంటాయి, ఆ అడ్డ పొరలే డెక్ నిలువునా చీలకుండా ఆపేవి. పొరల మధ్య సందు ఉన్నా, అంచు దగ్గర చీలిక మొదలైనట్టున్నా పక్కన పెట్టేయండి. తర్వాత అదే బ్రాండ్ అదే సైజు డెక్ ఇంకోటి అడిగి రెండిటి వంపు పోల్చండి, ఒకే అచ్చులో ఒకేసారి కొన్ని డెక్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కుతారు కాబట్టి పైదానికీ కిందదానికీ వంపులో తేడా వస్తుంది. మీ కాలికి నచ్చింది తీసుకోండి, బొమ్మ నచ్చింది అని కాదు, బొమ్మ ఎలాగూ మొదటి బోర్డ్‌స్లైడ్‌కే (బోర్డు అడుగు భాగాన్ని రెయిలింగు మీద జార్చడం) గీసుకుపోతుంది.

అన్నీ ఒకే ఫ్యాక్టరీ అన్న మూడోవాడి మాట ఇక్కడ చాలావరకు కరెక్టే. చాలా బ్రాండ్లకి సొంత చెక్క మిషన్లు లేవు, అమెరికా, మెక్సికో, చైనాల్లో ఉన్న కొన్ని వుడ్‌షాపులే రకరకాల పేర్లకి డెక్‌లు చేసిస్తాయి. పైగా స్క్రీన్ ప్రింటింగ్ పోయి హీట్ ట్రాన్స్‌ఫర్ వచ్చాక బొమ్మ అతికించడం మరీ సులువైపోయింది, ఎవరైనా ఒక లోగో గీయించుకుని బ్రాండ్ అయిపోవచ్చు. మరి బొమ్మ ఉన్న డెక్‌కి ఎక్కువ ఎందుకివ్వాలి, బ్లాంక్ (బొమ్మ లేని డెక్) కొనుక్కోవచ్చు కదా అంటే, కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఆ ఎక్కువ ఇచ్చేదాంట్లోంచే టీమ్ ప్రయాణాలు, వీడియోలు తీసే ఫిల్మర్ జీతం, ప్రో మోడల్ (ఒక రైడర్ పేరుతో వచ్చే డెక్) అయితే ఆ రైడర్‌కి రాయల్టీ వెళ్తాయి, రాయల్టీ అంటే లక్షలు అనుకునేరు, డెక్‌కి ఒకటి రెండు డాలర్లు అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. అందుకే టీమ్, వీడియోలు, ప్రోలు ఏవీ లేకుండా ఊరికే లోగో వేసి ప్రో డెక్ రేటు అడిగే బ్రాండ్ దగ్గర మాత్రం జాగ్రత్త, బ్లాంక్ డెక్‌కే స్టిక్కర్ డబ్బులు కడుతున్నట్టు. ఆ బ్రాండ్ చివరి వీడియో పార్ట్ ఎప్పుడొచ్చింది, అందులో వాళ్ళ టీమ్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, ఈ రెండూ చూస్తే తెలిసిపోతుంది.

ట్రక్స్ (వీల్స్ తగిలించే లోహపు ఇరుసులు), వీల్స్, బేరింగ్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వాటిలో ఎప్పట్నుంచో నిలబడ్డ పేర్లున్నాయి (ఇండిపెండెంట్ ట్రక్స్ 1978 నుంచి ఉంది), బొమ్మల దుకాణాల్లో అమ్మే కంప్లీట్ సెట్లు మాత్రం వద్దు, తిరగవు, ఆగవు, నేర్చుకునేవాళ్ళు తమ తప్పు అనుకుని మానేస్తారు.

షూ దగ్గర అసలు రంగు బయటపడుతుంది

ఈ ఇండస్ట్రీలో పెద్ద డబ్బు ఎప్పుడూ షూలోనే ఉంది, చెక్కలో కాదు. స్కేట్ చేయనివాడు డెక్ కొనడు గానీ షూ కొంటాడు, అందుకే నైకీ, అడిడాస్, న్యూ బాలెన్స్ అందరూ ఇక్కడే దిగారు. నైకీ 1990ల చివర్లో ఓసారి వచ్చి దెబ్బతింది, 2002లో నైకీ ఎస్‌బీ అని వేరే దారిలో వచ్చింది, మాల్స్ వదిలేసి స్కేట్ షాపులకే సరుకిచ్చింది, రీస్ ఫోర్బ్స్, డానీ సూపా, జీనో ఇయానూచ్చి, రిచర్డ్ ముల్డర్ లాంటి గౌరవం ఉన్న రైడర్లకి డంక్ అనే తన షూకి రంగులు ఎంచుకోమని చెప్పింది. కన్సాలిడేటెడ్ అనే చిన్న బోర్డు కంపెనీ నైకీ నినాదం జస్ట్ డూ ఇట్‌ని తిప్పేసి డోన్ట్ డూ ఇట్ అని ఎదురు క్యాంపెయిన్ నడిపింది. నైకీ ఆగలేదు. 2005లో న్యూయార్క్‌లో పావురం బొమ్మ డంక్ రిలీజ్ రోజు షాపు ముందు తోపులాట, పోలీసులు, అందులో బోర్డు ఎక్కేవాళ్ళు ఎంతమంది ఉండుంటారో మీరే ఊహించుకోండి. రైడర్లకి ఇంతకుముందు ఎరగని జీతాలొచ్చాయి, స్కేటర్లు నడిపే షూ కంపెనీలకి మాత్రం ఊపిరాడలేదు, రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళని నమ్మకండి.

షూ కొనేటప్పుడు ముందు పాదం బయటివైపు, చిటికెన వేలు దగ్గర వేలు పెట్టి తడమండి. ఆలీ (బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం) కొట్టిన ప్రతిసారీ డెక్ పైన అంటించిన గ్రిప్ టేప్ మీద రాసుకునేది అక్కడే, గరుకు కాగితంతో గీకినట్టే. అక్కడ స్వేడ్ (నూగు తోలు) ఒకే ముక్కగా ఉండి, కుట్టు లేకుండా ఉండి, లోపల రబ్బరు పొర ఇంకోటి ఉంటే అది స్కేటర్ని అడిగి చేసిన షూ. అక్కడే అందమైన కుట్టు, పల్చటి కాన్వాస్, పైకి తేలిన లేసులు ఉంటే పైన పటారం లోన లొటారం, స్కేట్ అని డబ్బా మీద రాసుంటుంది అంతే. ఒకే కంపెనీ రెండు రకాలూ అమ్ముతుంది, కాబట్టి లోగో కాదు ఆ రెండంగుళాల చోటు చూడండి.

వీడియో చూస్తున్నప్పుడు బిల్లు ఎవరిదో అడగండి

మ్యాగజైన్లు ఎప్పుడూ యాడ్ల మీదే బతికాయి, 1981లో థ్రాషర్ మొదలైనప్పుడు దాని వెనకున్న ఫౌస్టో విటెల్లో, ఎరిక్ స్వెన్సన్ ఇండిపెండెంట్ ట్రక్స్ వాళ్ళే, అందరూ శాకాహారులే రొయ్యల బుట్ట మాయం అన్నట్టు ఇక్కడ చేతికి తడి అంటనివాళ్ళు ఎవరూ లేరు. ట్రాన్స్‌వరల్డ్ అనే ఇంకో మ్యాగజైన్ ప్రింట్ 2019లో ఆగిపోయింది. ఇప్పుడు చాలావరకు ఫోన్‌లోనే, ఒక ట్రిక్ పదిహేను సెకన్లలో వచ్చి పోతుంది, మధ్యలో ఎనర్జీ డ్రింక్ టోపీ. టోపీ పెట్టుకున్నందుకు రైడర్ని తిట్టకండి, డెక్ రాయల్టీతో మోకాలి ఆపరేషన్ అవ్వదు. రైడర్ పొగిడింది వాడు నిజంగా రోజూ వాడేదా కాదా అన్నది మాత్రం వాడి మామూలు రోజుల క్లిప్స్‌లో కాళ్ళూ బోర్డూ చూస్తే దొరికిపోతుంది.

స్పాట్ (వీధిలో స్కేట్ చేసే చోటు) కోసం ఎవరు నిలబడ్డారు

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన పరీక్ష ఇదే. ఫిలడెల్ఫియా లవ్ పార్క్ తీసుకోండి, అక్కడి గ్రానైట్ అంచుల మీద తీసిన వీడియోలతో ఎన్ని కంపెనీలు షూలు అమ్ముకున్నాయో లెక్కలేదు, ఎక్స్ గేమ్స్ అనే పెద్ద పోటీలు కూడా ఆ ఊరికి 2001, 2002లో వెళ్ళాయి, అదే 2002లో నగరపాలన అక్కడ స్కేటింగ్‌ని గట్టిగా ఆపేసింది. ఆ స్థలాన్ని ఊహించిన ప్లానర్ ఎడ్మండ్ బేకన్ 92 ఏళ్ళ వయసులో నిరసనగా తానే బోర్డు ఎక్కాడు, పక్కన మనుషులు పట్టుకుని ఉండగా. 2004లో డీసీ షూస్ పది లక్షల డాలర్లు ఇస్తాం, స్కేటింగ్ తిరిగి అనుమతించండి అంది, నగరం వద్దంది. డీసీకి అందులో పబ్లిసిటీ లాభం లేదా అంటే ఉంది, అయినా డబ్బు బల్లమీద పెట్టింది కదా. లండన్ సౌత్‌బ్యాంక్‌లో 2013లో స్కేటింగ్ చోటు తీసేసి దుకాణాలు పెడతామంటే స్కేటర్లే సంతకాలు సేకరించి 2014లో ఆ చోటు నిలబెట్టుకున్నారు. బ్రాండ్ దగ్గర ఈ ప్రశ్న అడగండి, వీధిలో తీసిన క్లిప్పులతో అమ్ముకుంటున్నారు సరే, వీధికి ఏం తిరిగిచ్చారు, ఒక ర్యాంపా, ఒక కేసు ఖర్చా, కనీసం సిమెంటు బస్తాలా.

ఒలింపిక్స్ వచ్చాక అంతా పాడైపోయింది అనేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించను. ఎలిస్సా స్టీమర్ 1990ల చివర్లో స్ట్రీట్ (మెట్లు, రెయిలింగుల మీద చేసే స్కేటింగ్) విభాగంలో ప్రో అయినప్పుడు చుట్టూ ఇంకో అమ్మాయి దొరకడమే కష్టం, టోక్యోలో 2021లో స్ట్రీట్ గోల్డ్ కొట్టిన మోమిజీ నిషియాకి పదమూడేళ్ళు, సిల్వర్ కొట్టిన రైసా లియాల్‌కీ పదమూడే. పాతకాలం కోర్ సంస్కృతి చాలామందిని గేటు బయటే నిలబెట్టిందన్నది ఆ కోర్ మనుషులే ఒప్పుకోవాలి. యూనిఫాం, కోచ్, స్కోర్ బోర్డు మీకు నచ్చకపోతే చూడకండి, ఎవరూ బలవంతం చేయట్లేదు.

ఇక డబ్బు ఎలా పంచాలి అంటే, ట్రక్స్ మీద ఎక్కువ పెట్టండి, ఏళ్ళ తరబడి ఉంటాయి. డెక్ మాత్రం స్కేటర్లు నడిపే షాపులో కొనండి, డెక్ మీద షాపుకి మిగిలేది తక్కువే, గ్రిప్ వేసి, బోల్టులు బిగించి, నేర్పి పంపేది వాళ్ళే, షూలూ బట్టలూ కూడా అక్కడ కొంటేనే ఆ షాపు అద్దె కట్టగలదు. పెద్ద బ్రాండ్ షూయే నచ్చిందా, కొనండి, కాకపోతే అదే షూ కంపెనీ సైట్‌లో కాకుండా ఆ షాపు గోడ మీంచి తీసుకోండి. సైజు లేకపోతే తెప్పించమని చెప్పి ఫోన్ నంబర్ ఇచ్చి రండి.