హెడ్‌బోర్డ్ పగులు పెరగడం ఆగింది (నా అనుభవం)

ముడులు, సహజమైన పగుళ్లు ఉన్న ఒకే పెద్ద పలకతో మంచం చేసుకున్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు, బిగించిన కొన్నాళ్లకి హెడ్‌బోర్డ్ (మంచానికి తల వైపు ఉండే పలక) చివరున్న పగులు లోపలికి పాకుతోంది ఏం చేయాలని. నాకూ అదే అయింది. జిగురు పోసి క్లాంప్ వేయడం, రంపపు పొట్టు పుట్టీ, వెనక ఇనప పట్టీ, ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇది. ముందు పలకని మంచం కోళ్ల నుంచి ఊడదీశా. చెక్క తేమని బట్టి గ్రెయిన్‌కి (చెక్కలో నారలు సాగే దిశకి) అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గుతుంది, పొడవునా దాదాపు కదలదు. నిలువు కోళ్లకి పైనా కిందా గట్టిగా స్క్రూలు బిగిస్తే పలక తగ్గడానికి చోటు లేక ఉన్న పగులు దగ్గరే విడిపోతుంది. అందుకే కోళ్లలో మధ్య రంధ్రం అలాగే ఉంచి, పైదీ కిందదీ నిలువుగా పొడవు చేసి, వాషర్ వేశా. అసలు కీలకం ఇదే అని నా నమ్మకం.

తర్వాత పగులుకి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు గట్టి చెక్క ముక్క పొదిగా. ముక్క గ్రెయిన్ పగులుని దాటేలా ఉండాలి, పగులు వెంట ఉంటే నడుం దగ్గర విరుగుతుంది. ముక్కని పలక మీద పెట్టి పెన్సిల్‌తో కాదు, పదునైన కత్తితో గీసి, మందంలో మూడోవంతు లోతు ఉలితో తీసి, జిగురు పెట్టి కొట్టి, ఆరాక చిత్రిక పట్టా. ముడుల్లో ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పోస్తే గట్టిపడే రెసిన్) ఆఖరున పోశా.

నాది బాగా ఆరిన మందపు పలక. చెక్కలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ రీడింగ్ ఇంకా తగ్గుతూనే ఉంటే ఇది నిలుస్తుందని చెప్పలేను, ముందు ఆరనివ్వండి.