పంటి పని వీడియో సరిగా రావడం లేదా? కెమెరా మార్చే ముందు చూడాల్సినవి

పై దవడ మొదటి మోలార్‌కి (నమిలే పెద్ద పన్ను) రూట్ కెనాల్. పీజీ విద్యార్థులకు చూపిద్దామని గంటన్నర రికార్డ్ చేశాను. ఎమ్‌బీ2 కెనాల్ (ఆ పన్నులో దొరకడం కష్టమైన సన్నని వేరు కాలువ) దొరికిన ఆ పది సెకన్లే నాకు కావాల్సింది. తీరా చూస్తే పన్ను ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఒకటి ఉంది, అంతే. ఆ పన్నుని మళ్ళీ తెరవలేం కదా! అప్పటి నుంచి ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. వీడియో బాగా రాలేదనగానే చాలామంది ఇంకా ఖరీదైన కెమెరా కోసం వెతుకుతారు. ముందు చూడాల్సింది కెమెరా ఎంత దూరంలో ఉంది, ఎటు నుంచి చూస్తోంది, ఏ వెలుతురులో చూస్తోంది అని.

పన్ను మరీ చిన్నగా కనిపిస్తోంది

ఫోన్‌తోనో యాక్షన్ కెమెరాతోనో తీసేవాళ్ళందరిదీ ఇదే బాధ. ఒక్కసారి లెక్క వేసి చూడండి. మన చేతులకు, హ్యాండ్‌పీస్‌కి (పంటి డ్రిల్) అడ్డు రాకుండా కెమెరా కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అంత దూరం నుంచి ఫోన్ మెయిన్ లెన్స్ సుమారు 70 సెంటీమీటర్ల వెడల్పు చూస్తుంది. కింది మొదటి మోలార్ వెడల్పు 11 మిల్లీమీటర్లు. 4కే వీడియోలో అడ్డంగా ఉండే 3840 పిక్సెళ్ళలో ఆ పన్నుకి దక్కేవి అరవై. యాక్షన్ కెమెరాలో ఇంకా తక్కువ, నలభై దాటవు. మిగతాదంతా పేషెంట్ చొక్కా, ఏప్రాన్, ట్రే.

ఎడిటింగ్‌లో పెద్దది చేస్తే మసకే మిగులుతుంది. కావాల్సింది ఆప్టికల్ జూమ్. నా సలహా, 20 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న మామూలు హ్యాండీక్యామ్. అయితే ఇక్కడొక చిక్కుంది. చాలా హ్యాండీక్యామ్‌లు పూర్తి జూమ్‌లో ఉన్నప్పుడు మీటరు దగ్గరికి వస్తే ఫోకస్ కావు. లెన్స్ ముందు +2 క్లోజప్ లెన్స్ బిగించి, ఫోకస్‌ని ఇన్ఫినిటీలో పెడితే సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తుంది. ఆ గాజు ముక్కకయ్యే ఖర్చు కెమెరా ధర ముందు లెక్కలోకే రాదు.

పన్ను తెల్లగా పేలిపోతోంది, చుట్టూ నల్లగా ఉంది

నా మోలార్‌కి జరిగింది ఇదే. చైర్ లైట్ నోటి దగ్గర 20,000 లక్స్ (వెలుతురు కొలత) ఇవ్వడం మామూలు. గదిలో ఉండేది 500 లక్స్. నోటి లోపలి చీకటిని, రబ్బర్ డ్యామ్‌ని (పంటి చుట్టూ బిగించే రబ్బరు షీట్) చూసి కెమెరా ‘వెలుతురు చాలడం లేదు’ అనుకుని ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుతురు, పెంచేస్తుంది. దాంతో ఎనామెల్ మీద వివరమంతా పోతుంది.

ఎక్స్‌పోజర్‌ని ఆటోలో వదలకండి. పంటి మీదే స్పాట్ మీటరింగ్ చేసి (ఆ ఒక్క చోటి వెలుతురునే కొలిచి), లాక్ చేయండి. ఫోన్‌లో అయితే పంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్ళలో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. చిగురు కొంచెం ముదురుగా కనిపించినా ఫరవాలేదు, అది తర్వాత సరిచేసుకోవచ్చు. పేలిపోయిన తెలుపుని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

తడి పంటి మీద మెరుపు ఇంకా ఉంటే లైట్‌కి ఒక పోలరైజర్ (మెరుపుని ఆపే ఫిల్టర్), లెన్స్‌కి ఒకటి పెట్టి, లెన్స్‌ది మెరుపు పోయేదాకా తిప్పండి. వెలుతురు బాగా తగ్గుతుంది కానీ చైర్ లైట్ దగ్గర మనకు దానికి కరువు లేదు.

ఫోకస్ వచ్చిపోతోంది

మిర్రర్, సక్షన్, హ్యాండ్‌పీస్... ఏది అడ్డొస్తే ఆటోఫోకస్ దాని వెంటపడుతుంది. మాన్యువల్‌లో పెట్టేయండి. అయినా పంటి ముందు అంచు స్పష్టంగా, వెనక భాగం మసకగా ఉందంటే అది డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందు నుంచి వెనక్కి ఎంత లోతు ఫోకస్‌లో ఉంటుందన్నది) సమస్య. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా కొన్నవాళ్ళకి ఇది తప్పదు. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16 దాకా మూస్తే తప్ప మోలార్ మొత్తం ఫోకస్‌లోకి రాదు. చిన్న సెన్సర్ ఉన్న కెమెరా ఈ పనిలో మేలు. పెళ్ళిళ్ళ వీడియోలకి వెనకంతా మసకైతే అందం, పంటికి కాదు.

గీతలు పాకుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. సెకనుకి 25 ఫ్రేమ్‌లు, షట్టర్ 1/50 పెట్టండి. చైర్ లైట్ ఎల్ఈడీ అయి, కాంతి తగ్గించినప్పుడే గీతలు వస్తుంటే దాన్ని పూర్తి వెలుగులో ఉంచి, కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) తగ్గించుకోండి.

పన్ను గులాబీ రంగులో ఉంది

ఫ్రేమ్ నిండా ఆకుపచ్చ రబ్బర్ డ్యామ్ ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని కెమెరా తనంతట సరిచేయడం) దాన్ని తగ్గించబోయి పంటికి గులాబీ రంగు పూస్తుంది. పని మొదలుపెట్టే ముందు చైర్ లైట్ కింద గ్రే కార్డ్ చూపించి వైట్ బ్యాలెన్స్ సెట్ చేయండి. షేడ్ మ్యాచింగ్ (పంటి రంగు సరిపోల్చడం) చూపించే వీడియోలో ఇది వదిలేస్తే చూసేవాళ్ళకి మనం అబద్ధం చూపించినట్టే.

కీలకమైన చోట డాక్టర్ తల అడ్డొస్తోంది

లైట్ ఎటు నుంచి పడుతోందో కెమెరా కూడా అటు నుంచే చూడాలి. నీడ పడకుండా మన తలని ఆ దారిలోంచి ఎలాగూ తప్పిస్తాం కదా! కెమెరాని లైట్ పక్కనే పెట్టండి, కానీ లైట్ ఆర్మ్‌కి కట్టొద్దు. బరువుకి అది మెల్లగా జారుతుంది. గోడకో సీలింగ్‌కో వేరే ఆర్మ్ బిగించండి. చైర్‌కి తగిలిస్తే పేషెంట్ కదిలిన ప్రతిసారీ బొమ్మ ఊగుతుంది.

మిర్రర్‌లో తీసిన షాట్‌ని ఎడిటింగ్‌లో అడ్డంగా తిప్పడం మరవకండి. లేకపోతే 16వ పన్ను (పై దవడ కుడి మొదటి మోలార్) 26లా (ఎడమది) కనిపిస్తుంది. మిర్రర్‌లో ప్రతి అంచూ రెండుగా కనిపిస్తుంటే పూత గాజు వెనక ఉందన్నమాట. ఫ్రంట్ సర్ఫేస్ మిర్రర్ వాడండి.

మధ్యలో రికార్డింగ్ ఆగిపోయింది

కొన్ని స్టిల్ కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. ఆర్సీటీకి (రూట్ కెనాల్) అది చాలదు, కొనేముందే అడగండి. 100 ఎంబీపీఎస్‌లో 4కే తీస్తే గంటకి 45 జీబీ పడుతుంది, కాబట్టి వీ30 (వేగంగా రాసుకునే) మెమరీ కార్డు, 128 జీబీ పెట్టుకోండి. బ్యాటరీ బదులు నేరుగా కరెంటు. స్టార్ట్, స్టాప్ రిమోట్ అసిస్టెంట్ చేతిలో ఉండాలి. గ్లవ్స్‌తో కెమెరా ముట్టుకోవద్దు.

ఎయిరోటర్ (గాలితో తిరిగే డ్రిల్) మోతలో మాట వినబడటం లేదు

కెమెరా మైక్‌ని నమ్మకండి. కాలర్‌కి చిన్న మైక్ పెట్టుకోండి, లేదా తర్వాత తీరిగ్గా వాయిస్ ఓవర్ చెప్పండి.

పేషెంట్ అనుమతి రాతపూర్వకంగా, వాళ్ళకి అర్థమయ్యే భాషలో తీసుకోవాలి. ‘బోధనకి’ అని అడిగి తీసిన వీడియోని ప్రచారానికి వాడటం తప్పు. నొప్పితో వచ్చి చైర్‌లో పడుకున్న మనిషి మనం ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడతారు. అందుకే చికిత్సకి ముందు, కూర్చోబెట్టి అడగాలి.

ఇక కెమెరా కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక టేపు, ఒక పది రూపాయల నాణెం, మీ క్లోజప్ లెన్స్ జేబులో వేసుకోండి. నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండున్నర మోలార్లు. దాన్ని బల్ల మీద పెట్టి, టేపుతో 50 సెంటీమీటర్లు కొలిచి కెమెరా పట్టుకోండి. నాణెం ఫ్రేమ్‌ని పై నుంచి కింది దాకా నింపి, దాని మీద ముద్రించిన సంవత్సరం స్పష్టంగా చదవగలిగితే ఆ కెమెరా తీసుకోండి. లేదంటే షాపతను ఎన్ని మెగాపిక్సెల్స్ చెప్పినా పక్కన పెట్టి, ఇంకోటి చూపించమనండి.