మోడల్ రైల్వేలో దృశ్యం నిర్మించే ముందు జాగ్రత్తలు

పట్టాలను, వైరింగును పూర్తిగా పరీక్షించనిదే కంకర అతికించవద్దు. ప్రతి ఇంజనునూ అతి నెమ్మదిగా, రెండు దిశల్లోనూ నడిపి, తడబడిన చోటును అప్పుడే సరిచేయాలి. జిగురు గట్టిపడ్డాక ఒక్క వైరు ఊడినా, ఎంతో ఓపికగా కట్టిన దృశ్యాన్ని పెకలించవలసి వస్తుంది.

ఒక దారి రెండుగా చీలే పాయింట్ల దగ్గర జిగురును చుక్కలుగానే వేయాలి. పలుచన చేసిన జిగురు పట్టాల కింది అడ్డదిమ్మెల (స్లీపర్ల) సందుల్లోకి పాకి, కదిలే పట్టాను బిగించేస్తుంది.

వంపుల్లో ప్లాట్‌ఫారం, స్తంభాలు, సొరంగ ముఖం అతికించే ముందు అన్నిటికన్నా పొడవైన బోగీని చేత్తో తోసి చూడాలి. బోగీ నడుము లోపలికి, చివరలు బయటికి పొడుచుకువస్తాయి కనుక, రెండుచోట్లా పెన్సిల్ కట్టి బల్లపై గీత గీసుకోవడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి.

సొరంగంలోకి చెయ్యి పట్టేంత దారి వదలాలి. పట్టాలు తప్పడం తరచు కనబడని చోటే జరుగుతుంది.

థర్మకోల్ కొండలపై సాధారణ స్ప్రే పెయింటు కొట్టవద్దు. అందులోని ద్రావకం థర్మకోల్‌ను కరిగిస్తుంది.

బొమ్మలను, భవనాలను ఒకే కొలతలో ఎంచుకోవాలి. 1:87 నిష్పత్తిగల హెచ్‌వో అనే మోడల్ కొలతలో 174 సెంటీమీటర్ల మనిషి 20 మిల్లీమీటర్లే ఉంటాడు. తలుపు పక్కన నిలబెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.