సీపీయూ ఖాళీగానే ఉంది, సర్వీసు మాత్రం ఆగి ఆగి నడుస్తోంది

లక్షణం: లినక్స్ కంటెయినర్‌లోని (ప్రోగ్రామును విడిగా, పరిమితులు పెట్టి నడిపే ఏర్పాటు) సర్వీసు చకచకా జవాబిస్తూనే, ఉన్నట్టుండి 70, 80 మిల్లీసెకన్లు బిగుసుకుపోతుంది. గ్రాఫ్ చూస్తే, ఇచ్చిన 2 కోర్లలో వాడకం 40 శాతం కూడా దాటదు. వెంటనే షెడ్యూలర్ (ప్రాసెసర్ ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చే కెర్నల్ భాగం) సెట్టింగులు కెలకకండి.

ముందు హోస్ట్ (కంటెయినర్‌ను నడిపే యంత్రం) మీద "వీఎంస్టాట్ 1" నడపండి. 'ఆర్' కాలమ్ (నడుస్తున్నవి, వంతు కోసం చూస్తున్నవి కలిపి ప్రాసెస్‌ల లెక్క) ఎప్పుడూ కోర్ల సంఖ్య కంటే ఎక్కువే చూపిస్తుంటే ప్రాసెసర్ నిజంగానే చాలట్లేదు. బ్యాకప్ లాంటి పనులకు నైస్ 19 (అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం) పెట్టండి. 'డబ్ల్యూఏ' పెరిగితే డిస్క్ సంగతి చూడాలి. 'ఎస్టీ' పెరిగితే మీ వంతు సమయం పక్క వర్చువల్ మెషిన్లకు పోతోంది, హోస్ట్ మార్చాలి. ఒక్క నిమిషం పని ఇది. దీన్ని వదిలేసి రోజులు పోగొట్టుకుంటున్నారు.

ఇవన్నీ బాగుంటే దొంగ దాదాపు ఎప్పుడూ ఒకటే: సీపీయూ కోటా. 2 కోర్ల పరిమితి అంటే 2 కోర్లు మీకు రాసిచ్చేసినట్టు కాదు. ప్రతి 100 మిల్లీసెకన్ల గడువులో అన్ని థ్రెడ్లకూ (ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనులు) కలిపి 200 మిల్లీసెకన్ల సమయం, అంతే. 8 థ్రెడ్లు ఒకేసారి లేస్తే అది 25 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది. పక్కన కోర్లు ఖాళీగా ఉన్నా మిగతా 75 మిల్లీసెకన్లూ కెర్నల్ అన్నిటినీ ఆపేస్తుంది. నిమిషం సగటులో ఈ ఆగడం కనిపించనే కనిపించదు.

సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకు పరిమితులు పెట్టే కెర్నల్ ఏర్పాటు) డైరెక్టరీలో "సీపీయూ.స్టాట్" ఫైలు చూడండి. అందులోవి మొదటినుంచీ కూడుతూ వచ్చే అంకెలు కాబట్టి నిమిషం తేడాతో రెండుసార్లు చదివి తీసివేయాలి. గడువుల లెక్క నిమిషానికి 600 మించదు. వాటిలో 'త్రాటిల్డ్' (కోటా అయిపోయి ఆపేసిన గడువులు) 50, 60 ఉన్నా జవాబులు ఆలస్యమవుతాయి. ఇక్కడ సున్నా కనబడితే ఆగిపోవద్దు. పరిమితి పై సీగ్రూప్ మీద ఉంటే లెక్క అక్కడే పడుతుంది, కింద ఏమీ తెలియదు. రూట్ (అన్నిటికంటే పై సీగ్రూప్) దాకా ఎక్కి చూడండి.

పరిష్కారం: థ్రెడ్ల సంఖ్యను కోటాకు సరిపడేలా తగ్గించండి. గో ప్రోగ్రామింగ్ భాషలో 1.25కు ముందు వెర్షన్లు కోటాను పట్టించుకోకుండా హోస్ట్ కోర్లన్నీ లెక్కేసుకుంటాయి. 'గోమ్యాక్స్‌ప్రాక్స్' (ఒకేసారి గో కోడ్ నడిపే థ్రెడ్ల పరిమితి) మీరే 2 పెట్టాలి. యంత్రం మీ సొంతమైతే కోటా తీసేసి "సీపీయూ.వెయిట్" వాడటమే మేలు: పోటీ ఉన్నప్పుడు వాటా ప్రకారం పంచుతుంది, లేనప్పుడు అడ్డుపడదు.

కెర్నల్ 5.4 కంటే పాతదైతే కోటా మిగిలుండగానే ఆపేసే బగ్ ఉండొచ్చు, అప్‌గ్రేడ్ చేయండి. రియల్‌టైమ్ ప్రాసెస్ కోర్‌ను పట్టేసుకోవడం అరుదు. "టాప్"లో 'పీఆర్' కాలమ్‌లో 'ఆర్‌టీ' అని గానీ, మైనస్ అంకెగా గానీ కనిపిస్తుంది.