ఇంటి జనరేటర్, మూడో పాఠం: లోడు లెక్క

గత పాఠంలో ఇంజిన్ ఆయిలు, స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ చూశాం. ఈసారి లోడు, అంటే ఇంట్లో వస్తువులన్నీ కలిసి జనరేటర్ మీద మోపే వాట్ల బరువు.

జనరేటర్ సెట్టు మీద అంటించిన ప్లేటులో సాధారణంగా రెండు అంకెలుంటాయి: రేటెడ్, మ్యాక్సిమమ్. అమ్మేవాళ్లు గొప్పగా చెప్పేది రెండోది. అంత బరువును సెట్టు కాసేపే మోస్తుంది, అందుకని మన లెక్కకు మొదటిదే తీసుకోవాలి. అందులోనూ 80 శాతం దగ్గర ఆగితే ఇంజిన్‌కు సుఖం. రేటెడ్ 1800 వాట్లనుకుంటే, మనం వాడుకోవలసింది సుమారు 1440.

ఇప్పుడు ఇల్లు చూద్దాం. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు 36 వాట్లు, మూడు పాత ఫ్యాన్లు 225, టీవీ 100, ఫ్రిజ్ 150, అర హెచ్‌పీ నీళ్ల మోటారు సుమారు 600. మొత్తం 1111. ఇంకా 300 పైచిలుకు మిగిలిందని సంబరపడతాం. కానీ మోటారు వేయగానే బల్బులు మసకబారి, ఇంజిన్ మూలుగుతుంది. ఎందుకంటే నీళ్ల పంపు, ఫ్రిజ్ లాంటి మోటారు ఉన్న వస్తువు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకు మూడు నుంచి ఆరు రెట్లు కరెంటు లాగుతుంది. అంటే 600 వాట్ల మోటారుకు ఆ క్షణంలో 1800 కూడా చాలకపోవచ్చు. వోల్టేజీ పడిపోయి మోటారు తిరగకుండా హూంకరిస్తూ ఉంటే వెంటనే ఆపేయండి, లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది.

ఫ్రిజ్‌తో ఇంకో చిక్కుంది. కంప్రెసర్ తనంతట తానే ఆగి, తనంతట తానే మొదలవుతుంది. సరిగ్గా నీళ్లు ఎక్కుతున్నప్పుడే అది అందుకుంటే మళ్లీ అదే కథ. కాబట్టి నీళ్లు పట్టేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి. ట్యాంకు నిండాకే ఫ్రిజ్, ఆ తర్వాత ఫ్యాన్లు, లైట్లు. ఫ్రిజ్ రోజంతా నడవనక్కర్లేదు, తలుపు తెరవకపోతే నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది.

లోడు లేకుండా స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఒక్కొక్కటే కలపండి. ఆపేటప్పుడు కూడా ముందు లోడు తీసి, కాసేపు ఖాళీగా తిప్పి ఆపండి. పెట్రోలు పోయడం ఇంజిన్ చల్లారాకే.

ఇక రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే అలవాటు. దీన్ని నేను ఒప్పుకోను, ఎంత అవసరమైనా. ఆ కరెంటు మీ మెయిన్ దాటి బయటికి పోతే వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11,000 వోల్టుల వైపు పెంచేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు లైన్‌మ్యాన్ లైను చచ్చిందనే నమ్మకంతో స్తంభం ఎక్కుతాడు. ఇల్లంతటికీ కావాలంటే వీధి కరెంటు, జనరేటర్ రెండిట్లో ఒక్కదాన్నే ఇంటికి కలిపే ఛేంజోవర్ స్విచ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. లేదంటే సెట్టు నుంచే నేరుగా మందపాటి ఎక్స్‌టెన్షన్ లాగి, చుట్ట పూర్తిగా విప్పి వాడండి. సెట్టు మాత్రం ఆరుబయటే, కిటికీలకు దూరంగా. వరండా కూడా వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

వచ్చే పాఠానికి ముందు ఇంట్లో మోటారు ఉన్న వస్తువుల ప్లేట్లు చూసి వాట్లు రాసుకోండి. మిక్సీ మరచిపోవద్దు.