ప్రాక్సిమా గ్రహం ఉన్న చోటును ఆకాశంలో ఎలా చూపించాలి?

ముందే చెబుతున్నాను, ఆ గ్రహం కనబడదు. అది తిరిగే ప్రాక్సిమా సెంటారి అనే ఎర్ర మరుగుజ్జు (చిన్న, మసక) నక్షత్రం కూడా కంటికి ఆనదు. మనం చూపించేది ఒక చీకటి చోటు. ఈ మాట మింగేసి ఏదో ఒక చుక్క వైపు వేలు చూపేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను.

కావలసినవి ఒక చాప, మంచినీళ్లు, అంతే. మే చివరి వారం, అమావాస్యకు అటూ ఇటూ, రాత్రి 10 గంటలు. పగలు వాన పడి వెలిస్తే మరీ మంచిది. ఒడిశాలో రాయగడ వైపు కొండలు అడ్డు వస్తాయి కాబట్టి బరంపురం దాకా వచ్చి గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చోవడమే పద్ధతి. లైట్‌హౌస్ వెలుగు కళ్లలో పడనంత దూరం నడవండి.

ఫోను యాప్ తెరవకండి. ఆ వెలుగుకు చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెడతాయి. పైగా బైకు పక్కన నిలబడితే ఫోను దిక్సూచి దారి తప్పుతుంది. ధ్రువ నక్షత్రానికి వీపు పెట్టి నిలబడండి, ఎదురుగా ఉన్నదే దక్షిణం. మా తాతల కాలం నుంచి ఇదే పద్ధతి, దీనికి బ్యాటరీ అయిపోదు.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఎర్ర మరుగుజ్జు అన్నారు కదా అని ఆగ్నేయంలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠను చూపిస్తారు. అది మరుగుజ్జు కాదు, మహా భారీ నక్షత్రం, వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా బైనాక్యులర్స్‌కు కూడా చిక్కనంత మసక.

సముద్రం ఆకాశాన్ని కలిసే అంచు మీద చాచిన చేతి పిడికిలిని ఆనించండి. పిడికిలి పైభాగానికి దగ్గరగా పక్కపక్కన రెండు మెరిసే చుక్కలుంటాయి. కుడివైపున్న బీటా సెంటారిని వదిలేయండి. ఎడమదే ఆల్ఫా సెంటారి. ఆ రెంటి మధ్య ఎడం ఎంతో చూసుకుని, అందులో సగం కొలత ఆల్ఫా నుంచి కిందికి, కాస్త కుడికి వాల్చండి. నిట్టనిలువుగా దించితే తప్పిపోతారు, కుడికే జరిపితే బీటా పక్కకు పోతారు. వేలు ఆగిన ఆ నల్లటి చోటే ప్రాక్సిమా. తొందరపడకుండా ఒక్కొక్కరి భుజం వెనక నిలబడి, వాళ్ల చేతినే పట్టుకుని చూపించండి.

అప్పుడు కథ చెప్పండి. 2016లో చిలీలోని లా సియా వేధశాల 3.6 మీటర్ల టెలిస్కోపు సాయంతో ఆ నక్షత్రం ఊగడాన్ని పట్టుకున్నారు. ఆ ఊగు మనిషి నడకంత వేగం. దాన్ని ఊపే గ్రహం 11.2 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది, అంటే అక్కడ ఏడాది అంతే. ఎనిమిదేళ్ల మా మేనకోడలు ఇసుకలో వేలితో లెక్క వేసింది. "అక్కడైతే నాకు 260 ఏళ్లు మామయ్యా, ఇక నన్ను బడికి పంపరు కదా?" అంది.