లైనక్స్‌లో స్కానర్ కనిపించకపోతే ఏం చేయాలి?

స్కానర్ దొరకలేదని రాగానే చాలామంది కనిపించిన డ్రైవర్లన్నీ ఎక్కించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో ముందు తేల్చుకోండి.

కేబుల్ హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కొట్టండి. యూఎస్‌బీకి తగిలించినవన్నీ అది చూపిస్తుంది. జాబితాలో స్కానర్ లేకపోతే తప్పు కేబుల్‌దో, పోర్టుదో, స్కానర్‌దో. లైనక్స్‌ని తిట్టి లాభం లేదు. ఉంటే, కోలన్‌కి అటూ ఇటూ నాలుగేసి అక్షరాలుండే ఐడీని రాసిపెట్టుకోండి.

తర్వాత స్కాన్‌ఇమేజ్ -ఎల్ (scanimage -L). స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌కి స్కానర్ కనిపిస్తోందో లేదో ఇది చెబుతుంది. పెద్ద ఎల్ కొట్టాలి. చిన్నది స్కాన్ ఎడమ అంచు ఎక్కడ మొదలవాలో చెప్పే ఆప్షన్. పరీక్షకి గ్రాఫికల్ ప్రోగ్రాములు వద్దే వద్దు. అవి దొరకలేదంటాయే గానీ ఎందుకో చెప్పవు.

ఇక్కడ కాస్త నిదానించండి. అదే కమాండ్ ముందు సుడో (sudo, అంటే అడ్మిన్ హక్కులతో నడపడం) పెట్టి చూడండి. సుడోతో కనిపించి మామూలుగా కనిపించకపోతే డ్రైవర్ బాగానే ఉన్నట్టు, మీకు పర్మిషనే లేదు. అందరూ పాడుచేసేది ఈ మెట్టు దగ్గరే. కొందరు జీవితాంతం సుడోతోనే స్కాన్ చేస్తుంటారు, ఆపైన ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్) పేరున పడ్డాయని వాపోతారు. ఇంకొందరు డివైస్ ఫైల్‌కి (స్కానర్ కోసం లైనక్స్ పెట్టుకునే ఫైల్) పర్మిషన్ మార్చే సీహెచ్‌మోడ్ (chmod) కొట్టి పని అయిపోయిందనుకుంటారు. కేబుల్ తీసి పెట్టగానే ఆ ఫైల్ కొత్తగా పుడుతుంది, ఇచ్చిన పర్మిషన్ పోతుంది.

ముందు మీరు సరైన గ్రూపులో ఉన్నారో లేదో చూడండి. డిస్ట్రోని (మీరు వాడే లైనక్స్ రకాన్ని) బట్టి దాని పేరు స్కానర్ గానీ ఎల్‌పీ గానీ ఉంటుంది. చేరాక కొత్త టెర్మినల్ తెరిస్తే చాలదు, లాగౌట్ అయి రావాలి.

అయినా కుదరకపోతే యూడెవ్ (udev) రూల్ రాయాలి, అంటే పరికరం తగిలించగానే దాన్ని ఎవరు వాడొచ్చో చెప్పే చిన్న ఫైల్. రాసుకున్న ఐడీని అందులో చిన్న అక్షరాల్లోనే ఇవ్వండి. పెద్ద ఏ, బీ, సీలు కలవవు. లాగిన్ అయి ఉన్నవాళ్లకి అనుమతి ఇప్పించే యూయాక్సెస్ (uaccess) ట్యాగ్ వాడితే ఫైల్ పేరు ముందున్న అంకె 73 కన్నా తక్కువ ఉండాలి. ఆ ట్యాగ్‌ని చూసి అనుమతి ఇచ్చే సిస్టమ్ రూల్ ఫైల్ 73తోనే మొదలవుతుంది. మీది 99 అయితే అప్పటికే సమయం మించిపోతుంది. నేనైతే 65 పెడతాను, మీరూ అదే పెట్టండి. తర్వాత రూల్స్ రీలోడ్ చేసి, కేబుల్ ఒకసారి తీసి పెట్టండి.

సుడోతో కూడా కనిపించలేదా? సేన్ (SANE, లైనక్స్ స్కానింగ్ సాఫ్ట్‌వేర్) ఫోల్డర్‌లోని డీఎల్‌ఎల్.కాన్ఫ్ (dll.conf) తెరిచి, మీ బ్యాకెండ్ (స్కానర్ డ్రైవర్) పేరు ముందు # ఉంటే తీసేయండి. కొత్త ఆల్ ఇన్ వన్ మెషీన్ అయితే ప్రత్యేక డ్రైవర్ లేకుండానే మెషీన్‌తో మాట్లాడే ఐపీపీ-యూఎస్‌బీ (ipp-usb) సర్వీస్ నడుస్తోందేమో చూడండి. స్కానర్‌ని అది పట్టుకుని కూర్చుంటే పాత బ్యాకెండ్‌కి అందదు. అప్పుడు ఆ సర్వీస్‌ని ఉండనిచ్చి దానితో పనిచేసే సేన్-ఎయిర్‌స్కాన్ (sane-airscan) బ్యాకెండ్ ఎక్కించుకోవడమే మేలు. కొన్ని పాత స్కానర్లకి మాత్రం ఫర్మ్‌వేర్ ఫైల్ (స్కానర్ లోపల నడిచే ప్రోగ్రాము) విడిగా అందించాలి. దాన్ని కంపెనీ ఇచ్చిన సీడీలోంచి తీసి, అది ఎక్కడుందో బ్యాకెండ్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాయండి.